ఇది బీమా కాదు

మా రాష్ట్ర చట్టాల పుస్తకంలో ఒక వాక్యం ఉంది. "రైతు లీగ్ తన సభ్యులకిచ్చే వైద్య పథకం బీమా కాదు, లీగ్ బీమా కంపెనీ కాదు, ఈ రాష్ట్రపు బీమా చట్టాలేవీ దానికి వర్తించవు." రాసింది ఎవరో లాయరు. సెనేట్ కమిటీ ముందు మైకు పట్టుకుని, గొంతు వణక్కుండా, అందరికీ వినబడేలా చదివింది మాత్రం నేనే. చదివాక చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి నేను వారం రోజులు నేలమీద నడవలేదు.

నా పేరు ఆర్లిస్ కోవాండా. మాకు డెబ్బై పాడి ఆవులు. మా ఆయన మెర్లిన్ నోట్లో నాలుక లేని మనిషి. ఆవులతో తప్ప ఎవరితోనూ పది మాటలు వరసగా మాట్లాడి ఎరగడు. ఆయన పినతల్లి కొడుకు డ్వెయిన్ స్కారా అందుకు సరిగ్గా విరుద్ధం. రైతు లీగ్‌కి మా కౌంటీ అధ్యక్షుడు, చర్చిలో చందా పళ్ళెం పట్టేది అతనే, చావుకైనా పెళ్ళికైనా ముందు వరసలో ఉండేది అతనే. నన్ను రాష్ట్ర రాజధానికి తీసుకెళ్ళింది కూడా అతనే.

"నువ్వే మాట్లాడాలి ఆర్లిస్," అన్నాడు దారిలో. "మెర్లిన్ మాట్లాడితే సెనేటర్లు గురక పెడతారు. నేను మాట్లాడితే నమ్మరు. నువ్వు మాట్లాడితే ఏడుస్తారు."

"ఏడిపించడానికి నాకేం తక్కువ? మా ఇన్సూరెన్స్ బిల్లు చదివితే చాలు," అన్నాను.

అది నిజం. అప్పట్లో మేమిద్దరం నెలకి రెండు వేల వంద డాలర్లు కట్టేవాళ్ళం. దేశమంతటికీ వాషింగ్టన్‌లో చేసిన చట్టం ప్రకారం బీమా కంపెనీ ఎవరి పాత జబ్బులూ అడగకూడదు, ఎవరినీ కాదనకూడదు. మంచిదే. కానీ రోగిష్టి వాళ్ళ భారం కూడా మా నెత్తినే పడుతోందని డ్వెయిన్ లెక్కలు చూపించేవాడు. జబ్బున్నవాళ్ళని చేర్చుకోని లీగ్ పథకం వస్తే మాలాంటి గట్టి మనుషులకి తొమ్మిది వందలతో పోతుందన్నాడు. మేం గట్టివాళ్ళమే. మెర్లిన్ డాక్టరు మొహం చూసి పదకొండేళ్ళయింది.

"మరి వాషింగ్టన్ వాళ్ళు ఊరుకుంటారా?" అని అడిగాను.

డ్వెయిన్ స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేశాడు. "అదేనే కిటుకు. వాషింగ్టన్ చట్టం పట్టుకునేది బీమా అమ్మేవాళ్ళని. ఎవరు బీమా అమ్ముతున్నారో తేల్చేది రాష్ట్రం. మన రాష్ట్రం 'ఇది బీమా కాదు' అందనుకో, వాషింగ్టన్‌కీ పట్టు దొరకదు, రాష్ట్ర బీమా కమిషనర్‌కీ పట్టు దొరకదు. ఒక్క గుంజ పీకితే రెండు కంచెలూ పడిపోతాయి."

"కంచె పడితే ఆవులు రోడ్డెక్కుతాయి కదయ్యా."

"మన ఆవులు బుద్ధిమంతులులే," అన్నాడు. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం.

కమిటీలో ఎదురు మాట్లాడింది ఒక్క ఆవిడే, క్యాన్సర్ రోగుల సంఘం తరఫున. పాపం, ఆవిడ మాట్లాడుతుంటే సెనేటర్లు గడియారం చూసుకున్నారు. నా వంతు వచ్చాక మాత్రం ఒక ముసలి సెనేటరు కళ్ళజోడు తీసి అడిగాడు. "అమ్మా, కమిషనర్‌కి అధికారం లేకుండా చేస్తున్నాం గదా, రేపు లీగ్ మీకు అన్యాయం చేస్తే ఎవరికి చెప్పుకుంటారు?"

ఆ ప్రశ్నకి నా కాగితంలో జవాబు లేదు. సొంతంగా చెప్పాను. "మా కౌంటీ అధ్యక్షుడికండీ. ఆదివారం చర్చిలో మా ముందు బల్ల మీదే కూర్చుంటాడు. ఎక్కడికి పోతాడు?"

హాలంతా నవ్వింది. డ్వెయిన్ లేచి వంగి దండం పెట్టాడు. బిల్లు గెలిచిందే ఆ జవాబుతో అని తర్వాత చాలామంది అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. తెలియని కమిషనర్‌కన్నా తెలిసిన డ్వెయిన్ మేలని మా ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. మాకు కాగితం కన్నా మొహం మీద నమ్మకం. పుట్టినప్పటినుంచీ అలాగే పెరిగాం.

ఆ ఏడు నవంబరులో, పంట కోతలయ్యాక, లీగ్ వాళ్ళు ప్రతి ఏడూ పెట్టే వ్యవసాయ ప్రదర్శన పెట్టారు. ట్రాక్టర్లు, విత్తనాల కంపెనీలు, పిల్లలకి గుర్రం సవారీ. ఒక మూల సభ్యులకి ఉచితంగా ఆరోగ్యం చూసే బల్ల. అక్కడ వేలు గుచ్చి రక్తం చుక్క ఇస్తే పాన్‌కేకుల టికెట్ ఇస్తారు. మా మగాళ్ళలో రక్తం పరీక్ష కోసం అక్కడికి వెళ్ళేవాడు ఒక్కడూ లేడు. అందరూ పాన్‌కేకుల కోసమే వేలు చాపుతారు. మెర్లిన్ కూడా చాపాడు.

అక్కడి నర్సు పసుప్పచ్చ చీటీ ఒకటి చేతిలో పెట్టింది. రక్తం తక్కువగా ఉంది, డాక్టరుకి చూపించుకోండి అని దాని మీద ఉంది. మెర్లిన్ దాన్ని కోటు జేబులో కుక్కి, పెనం దగ్గర నిలబడ్డ డ్వెయిన్‌కి పళ్ళెం చాపాడు.

"నాలో రక్తం లేదంటరా," అన్నాడు.

"నీలో ఎప్పుడుంది గనక? లివర్ తిను," అని డ్వెయిన్ ఒక పాన్‌కేక్ ఎక్కువ వేశాడు. పక్కనే నిలబడి నేనూ నవ్వాను.

డిసెంబరులో డ్వెయిన్ లీగ్ పథకం ఫారం పట్టుకుని మా వంటింటికి వచ్చాడు. నేను గసగసాలు కూరిన తీపి బన్నులు, కలాచీలు, వేడివేడిగా పెట్టాను. అతను ఒక చేత్తో తింటూ, ఒక చేత్తో గళ్ళు నింపాడు. ప్రశ్నలు నలభైకి పైనే. చదవడం, మెర్లిన్ తల అడ్డంగా ఊపడం, డ్వెయిన్ 'లేదు' దగ్గర టిక్కు పెట్టడం. పాలు పితికినట్టు ఒకే లయలో సాగింది.

"గత పన్నెండు నెలల్లో ఇంకా పరీక్షలు చేయించుకోమని వైద్యరంగంలో ఎవరైనా చెప్పారా?"

మెర్లిన్ తల ఊపడం ఆగింది. "ఆ సంతలో ఇచ్చిన చీటీ..."

"అదా? అది పాన్‌కేక్ చీటీరా బాబూ. దాన్ని కూడా రాస్తే రేపు నీ జలుబులు కూడా రాయాలి." టిక్కు పెట్టేశాడు. "సంతకం ఇక్కడ."

నేను కాఫీ పోస్తున్నాను. నా చెవులతో విన్నాను. నాకు అనుమానం కూడా రాలేదు, అదే నన్ను ఇప్పటికీ తింటోంది. మర్నాడు పొద్దున్నే పాత బీమా కంపెనీకి ఫోన్ చేసి, మాకిక మీ అవసరం లేదని చెప్పాను. ఫోన్లో ఉన్న అమ్మాయి "ఒకసారి ఆలోచించుకోండి మేడమ్, మధ్యలో తిరిగి చేరడం కుదరదు" అంది. "ఆలోచించాకే మా రాష్ట్రం చట్టం చేసిందమ్మా" అని గొప్పగా చెప్పి పెట్టేశాను.

ఆగస్టులో మెర్లిన్ మేత నిలవచేసే సైలో నిచ్చెన సగంలో ఆగిపోయి, దిగలేక ఎక్కలేక, నన్ను కేక వేశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన కేక వేయడం అదే మొదటిసారి. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఎలాగో కిందికి దింపి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పెద్దపేగులో గడ్డ. క్యాన్సర్.

సర్జన్ చిన్న వయసువాడు, మాటలు చుట్టి తిప్పడం రాదు. "ఇంకా బయటికి పాకలేదు. నెల రెండు నెలల్లో తీసేస్తే బతుకు మీద ఆశ ఉంది. కొత్త సంవత్సరం దాకా ఆగితే ఆ మాట నేను అనలేను," అన్నాడు.

ఆపరేషన్‌కి రోజు కూడా అనుకున్నాం. దానికి తొమ్మిది రోజుల ముందు లీగ్ నుంచి కవరొచ్చింది. మెర్లిన్ ఫారంలో నిజం దాచాడు కాబట్టి అతని సభ్యత్వం మొదటి రోజునుంచే చెల్లదని, ఇంతవరకు కట్టిందంతా చెక్కు రూపంలో వెనక్కి పంపుతున్నామని రాశారు. రుజువుగా ఒక కాగితం జతచేశారు. పసుప్పచ్చ చీటీ నకలు. మా దగ్గరి చీటీ ఎప్పుడో కోటుతోపాటు ఉతుకులో పోయింది. వాళ్ళ బల్ల దగ్గర, వాళ్ళ నర్సు రాసింది, వాళ్ళ ఫైల్లో భద్రంగా ఉంది.

కంచే చేను మేయడం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. పాన్‌కేకులు పెట్టి రక్తం తీసుకున్నది ఇందుకా అని వంటింట్లో నిలబడి గట్టిగా అరిచాను. మెర్లిన్ మాత్రం ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "డ్వెయిన్‌కి తెలిసి ఉండదులే" అన్నాడు.

రాష్ట్ర బీమా శాఖకి ఫోన్ చేశాను. ఎత్తింది ఎవరో పెద్దావిడ, గొంతులో దయ ఉంది. మొత్తం విని, నిట్టూర్చింది.

"బీమా కంపెనీ అయితే ఇలా మొదటినుంచీ చెల్లదనడానికి వీల్లేదు మేడమ్. మోసం రుజువైతే తప్ప కుదరదు. మేం ఒక్క ఉత్తరం రాస్తే దారికొచ్చేవాళ్ళు. కానీ మీది... ఒక్క నిమిషం, చట్టంలో ఏముందో చదువుతాను. రైతు లీగ్ తన సభ్యులకిచ్చే వైద్య పథకం బీమా కాదు..."

"లీగ్ బీమా కంపెనీ కాదు. ఈ రాష్ట్రపు బీమా చట్టాలేవీ దానికి వర్తించవు," అన్నాను.

ఆవిడ చదవడం ఆపేసింది. "మీకు నోటికొచ్చా?"

"దాన్ని సెనేట్‌లో చదివింది నేనేనండి."

ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "సారీ అమ్మా," అంది, అంతే.

వాషింగ్టన్ వాళ్ళ నంబరుకి చేశాను. నలభై నిమిషాల సంగీతం తర్వాత ఒక కుర్రాడు. వాళ్ళ చట్టం బీమా అమ్మేవాళ్ళకే వర్తిస్తుందట. మీ రాష్ట్రమే కాదన్నాక మేం ఔననలేం అన్నాడు. పోనీ ఇప్పుడే మామూలు బీమా తీసుకుంటాను అన్నాను. ఉన్న బీమా పోతే మధ్యలో చేర్చుకుంటారట, కానీ మాకు పోయింది బీమా కాదు గదా! నవంబరులో అందరితోపాటు దరఖాస్తు పెట్టుకుంటే జనవరి ఒకటి నుంచి వస్తుందట.

"అప్పుడు మీ ఆయన జబ్బు గురించి ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగరు మేడమ్," అన్నాడు, నన్ను సంతోషపెడదామని.

మెర్లిన్‌ని కాపాడే చట్టం ఉంది. దాన్ని నేనే తొమ్మిది వందలకి కాలదన్ని వచ్చాను, తిరిగి వెళితే జనవరి దాకా తలుపు తీయదు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. ఆసుపత్రి వాళ్ళు బీమా లేకపోతే సగం ముందే కట్టమన్నారు. ఆవులన్నీ బ్యాంకు తాకట్టులో ఉన్నాయి. పేదలకిచ్చే సాయం అడిగితే మీకు భూమి ఉంది గదా అన్నారు.

మిగిలింది సెనేటరుకి నేను చెప్పిన జవాబే. డ్వెయిన్ షెడ్డుకి వెళ్ళాను. అతను కంబైన్ కోత యంత్రం కింద పడుకుని బోల్టు బిగిస్తున్నాడు. నా బూట్లు చూసి కూడా బయటికి రాలేదు.

"బయటికి రా డ్వెయిన్."

"చేతులు గ్రీజుగా ఉన్నాయి ఆర్లిస్."

"నీ చేతులు కాదు, మొహం కావాలి నాకు."

వచ్చాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. "పై కమిటీ నిర్ణయమే అది. నా చేతిలో ఏముంది చెప్పు?"

"నీ చేతిలో పెన్ను ఉంది. మా వంటింట్లో, నా కలాచీ తింటూ, 'లేదు' అని టిక్కు పెట్టింది ఎవరు?"

"సంతకం మెర్లిన్‌ది."

"చీటీ సంగతి ఆయన చెప్పాడా లేదా?"

డ్వెయిన్ నా కళ్ళలోకి చూశాడు. అలా చూడగలిగాడు, అదే నాకు ఆశ్చర్యం. "నాకలా గుర్తు లేదు ఆర్లిస్," అన్నాడు.

ఇతని తల్లి పోయినప్పుడు మూడు రాత్రులు వాళ్ళింట్లో వంట చేసింది నేను. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అదెంత మెత్తగా ఉంటుందో అప్పుడు తెలిసింది. తిట్టాలని వెళ్ళినదాన్ని ఒక్క తిట్టూ రాక వెనక్కి తిరిగి వచ్చాను.

నాలుగో రోజు అతనే వచ్చాడు, మెర్లిన్ కొట్టంలో ఉన్న సమయం చూసుకుని. బల్ల దగ్గర కూర్చోమనలేదు. నిలబడే మాట్లాడాడు.

"పైవాళ్ళతో మాట్లాడాను. ప్రత్యేక మినహాయింపు ఇస్తారట. ఆపరేషన్‌కి ఇప్పుడే. తర్వాత మందులకి నెలనెలా చూసి ఇస్తారు."

నాకు ఏడుపు వచ్చింది. ఆ క్షణంలో అతన్ని కౌగిలించుకునేదాన్నే, అతను ఆ తర్వాతి మాట అనకుండా ఉంటే.

"వచ్చే నెల పక్క రాష్ట్రం సెనేట్ కమిటీలో విచారణ ఉంది. అక్కడి లీగ్ కూడా మన చట్టమే అడుగుతోంది. నువ్వొచ్చి మాట్లాడితే బాగుంటుందని పైవాళ్ళ ఉద్దేశం. నీ గొంతు వాళ్ళకి బాగా గుర్తుంది."

"రాకపోతే?"

"రాకపోతే అని ఎవరన్నారు? నెలనెలా చూస్తారన్నాను, అంతే." తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "మెర్లిన్‌కి ఇదంతా ఎందుకులే. వాడు కంగారు పడతాడు."

మెర్లిన్‌కి చెప్పలేదు. ఆపరేషన్ అయింది. గడ్డ మొత్తం తీసేశామని సర్జన్ చెప్పినప్పుడు ఆసుపత్రి వరండాలో గోడకి చేరబడి చాలాసేపు ఏడ్చాను. డ్వెయిన్ పూలు పట్టుకొచ్చాడు. మెర్లిన్ మంచం మీదనుంచే అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నువ్వు లేకపోతే నేను లేనురా," అన్నాడు. పది మాటలు వరసగా మాట్లాడని మనిషి ఆ రోజు అతనితో పావుగంట మాట్లాడాడు. ఇంటికొచ్చాక ఒక కోడె మాంసంలో సగం అతని ఫ్రీజర్‌కి పంపించమన్నాడు. నేనే ప్యాకెట్లు కట్టి, నేనే తీసుకెళ్ళి, అతని భార్య చేతికిచ్చాను. నిజం చెబితే మందులు ఆగిపోతాయి. చెప్పకపోతే మొగుడు నమ్మకద్రోహికి మొక్కుతుంటే చూస్తూ ఉండాలి. చూస్తూ ఉన్నాను.

పక్క రాష్ట్రం విచారణకి మళ్ళీ డ్వెయిన్ పికప్ ట్రక్కులో, అదే సీట్లో వెళ్ళాను. దారంతా డ్వెయిన్ వాతావరణం గురించి మాట్లాడాడు. ఈసారి కాగితం వాళ్ళే టైపు చేసి ఇచ్చారు. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు, అంత శ్రద్ధగా రాశారు. మా ఆయనకి క్యాన్సర్ వచ్చింది. లీగ్ ఆపరేషన్‌కి కట్టింది. ఆయన ఇవాళ బతికున్నాడు. మధ్యలో జరిగింది లేదు, అంతే.

చదివాను. ఈసారి నా గొంతు వణికింది. వణికినందుకే ఎక్కువ చప్పట్లు కొట్టారు.

బయట వరండాలో ఒకావిడ నన్ను ఆపింది. నా వయసే ఉంటుంది. చేతులు చూస్తేనే తెలిసింది, పాడి చేసే మనిషి. కొంచెం దూరంలో బెంచీ మీద ఆమె మొగుడు టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నా వెనక రెండడుగుల దూరంలో డ్వెయిన్ కాఫీ కప్పుతో నిలబడ్డాడు.

"మీరు చెప్పింది విని కన్నీళ్ళాగలేదమ్మా," అందావిడ. "నిజంగా అంతా కట్టారా?"

"కట్టారు."

"లాయర్లు ఏవేవో చెబుతారు, నాకేం అర్థం కాదు. మీరు మాలాంటి మనిషి కాబట్టి అడుగుతున్నాను. ఈ చట్టం వస్తే మా పాత ఇన్సూరెన్స్ మానేద్దామనుకుంటున్నాం. ఆయన వద్దంటున్నాడు, భయస్తుడు. మీరే అయితే మానేస్తారా?"

చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. మానొద్దు, ఆ బెంచీ మీది మనిషి మాట విను అని. వెనక డ్వెయిన్ కాఫీ ఒక గుక్క తాగిన చప్పుడు వినిపించింది. మెర్లిన్‌కి ఇంకా అయిదు నెలల మందులున్నాయి. తర్వాతి విడతకి సోమవారం లీగ్ సంతకం కావాలి.

"నేను మానేశానమ్మా," అన్నాను.

ఆవిడ నా రెండు చేతులూ గట్టిగా నొక్కి, కళ్ళు తుడుచుకుని, గబగబా బెంచీ దగ్గరికి వెళ్ళింది. మొగుడి వైపు వంగి ఏదో చెప్పింది. ఆయన విన్నాడు, కాసేపు ఆలోచించాడు, తర్వాత లేచి నిలబడి, టోపీ చేత్తో పట్టుకుని, అంత దూరం నుంచి నాకు వినయంగా తల వంచాడు.